మెడ కొలత

"కాలర్ కాస్త వదులుగా ఉంచండక్కా" అన్నాడు చొక్కా కుట్టించుకోడానికొచ్చినతను.

టేపు పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. నా క్రెడిట్ కార్డు బాకీ వసూలు కోసం బ్యాంకు తరఫున మూడేళ్లు ఫోన్లో నన్ను తిట్టిపోసిన గొంతే ఇది. సగం తీర్చాక అమ్మ ఆపరేషన్‌తో మళ్లీ మొదటికొస్తే, "కుట్టుమిషను అమ్మి కట్టు" అన్నాడు. పోయిన నెలే పూర్తిగా తీర్చేశాను.

మెడ కొలత అంగుళం తగ్గించి రాసుకున్నాను. ఊపిరాడక చావాలి.

అంతలో అతని ఫోన్ మోగింది. "సార్, నా కార్డు బాకీ నెలాఖరుకి కట్టేస్తాను. ఇంటికి మాత్రం రాకండి" అని గొణిగి, నావైపు తిరిగాడు. "కుట్టుకూలి రెండుసార్లుగా ఇవ్వొచ్చా అక్కా?"

రాసిన అంకె కొట్టేసి, టేపు మళ్లీ మెడకు చుట్టాను.

"ఇవ్వండి. మీరు అమ్మేయమన్నారే, ఆ మిషను మీదే కుడతాను."

టేపు కింద అతను మింగిన గుటక నా వేలికి తగిలింది.