తడిసినా కరగని బొంత

లోహిత్ తాత మునిమనవరాలికి బొంత కుట్టాలి. ఇంట్లో పాతబట్టలే లేవు. రోజూ పొద్దున గోడలోని యంత్రం కొత్తబట్టలు నేస్తుంది. సాయంత్రం తొట్టి నీళ్లలో వేస్తే అవి పంచదారలా కరిగిపోతాయి. మిగిలిన పాతబట్ట ఒక్కటే, చనిపోయిన భార్య హరిణి నూలుచీర. చెప్పాపెట్టకుండా పోయినందుకు ఆవిడ మీద ఆయనకింకా కోపమే. అయినా ఆ చీర మీద కత్తెర పడనివ్వడు.

“నానమ్మ చీర కొయ్యొచ్చుగా తాతా? పెట్టెలో పెట్టి పూజ చేస్తావా?” అంది మనవరాలు చిన్మయి.

“నీ పని చూసుకో. గట్టిగా కుడితే ఏ గుడ్డయినా నిలుస్తుంది.”

యంత్రం గుడ్డలే నాలుగు పొరలు పరిచి, హరిణి దాచిన నూలుదారంతో కుట్టి ఉయ్యాలలో వేశాడు. పిల్ల హాయిగా ఉచ్చ పోసింది. గుడ్డ కరిగిపోయి, వలలో చేపలా దారాల మధ్య పిల్ల మిగిలింది.

“కుట్లు మాత్రం చెక్కుచెదరలేదు తాతా!” చిన్మయి పడీపడీ నవ్వింది.

ఆయన నవ్వలేదు. పెట్టె తెరిచాడు. చీర కోసేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడు పిల్ల కొత్త బొంతనూ తడిపింది. అందరూ ఉయ్యాలలోకి తొంగిచూశారు. బొంత తడిసింది, అంతే.

“ఇప్పుడు దీన్నేం చెయ్యాలి తాతా?”

“ఉతకాలి.”

“అంటే?”

లోహిత్ ఆమెను ఎగాదిగా చూశాడు. తన చొక్కా కరగకుండా విప్పి పక్కన పెట్టి, బొంత తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.

“పోయిందన్న మాటేగానీ, నాకు పని చెప్పడం మాత్రం మానలేదు మీ నానమ్మ,” అన్నాడు.