అడుగుల అరిసెలు

"బాబు బోర్లా పడ్డాడా అక్కా?"

పిట్టగోడ అవతల నిలబడి ఎదుటింటి అబీదా మళ్ళీ అదే మాట అడిగింది.

కావేరికి ఒళ్ళు మండింది. ఐదో నెల వెళ్ళిపోతున్నా అభిరామ్ వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూడటం తప్ప వేరే పని పెట్టుకోలేదు. పక్క వీధి పిల్ల నాలుగో నెలకే దొర్లి మంచం దిగబోయిందని విన్నప్పటి నుంచీ కావేరికి ముద్ద దిగడం లేదు. తన బిడ్డ అందరిలా తిరుగుతాడా లేదా అన్నదే ఆమె బెంగ. పుండు మీద కారం చల్లడానికి ఈవిడొకతె.

అబీదా వాళ్ళు రేపల్లెలో ఆ వీధికి వచ్చి ఎంతో కాలం కాలేదు. భర్త మొయినుద్దీన్ పరుపులు కుడతాడు. పిల్లల్లేరు. అందుకే కావేరి అత్తగారు సరోజినికి ఆవిడ చూపంటే హడలు.

"ఇంకా లేదండి," అంది కావేరి ముక్తసరిగా.

"దిగులు పెట్టుకోకండి. నెలలు నిండకుండా పుట్టినోళ్ళు కాస్త వెనకగానే చేస్తారు. మీవాడూ చేస్తాడు."

కావేరి గిరుక్కున తిరిగి అబీదా వంక చూసింది. బిడ్డ ముందే పుట్టాడని వీధిలో ఎవరికీ చెప్పలేదు. తెనాలి ఆసుపత్రిలో కాన్పయ్యాక తనకు చాలా రోజులు తెలివి రాలేదనీ, గాజుపెట్టెలో ఉన్న బిడ్డకు పాలు కూడా ఆసుపత్రివాళ్ళే పట్టారనీ ఇంట్లోవాళ్ళకే తెలుసు. నలుగురి నోళ్ళలో పడితే దిష్టని సరోజిని ఆ సంగతి కడుపులో దాచుకుంది. మరి ఈవిడకెలా తెలిసింది?

ఎక్కడో కూపీ లాగి ఉంటుందని సరోజిని తేల్చేసింది. ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి మనవడికి దిష్టి తీసింది. అబీదా చూస్తుండగానే వాటిని వాకిట్లో నిప్పుల మీద పోసింది.

"చూశావా, అన్ని మిరపకాయలు కాలినా ఘాటే రాలేదు. అంత దిష్టి," అంది కోడలితో, ఎదుటింటికి వినబడేలా.

పై వారమే అభిరామ్ బోర్లా పడ్డాడు. దిష్టి పోవడం వల్లేనని సరోజిని నమ్మకం. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగేస్తే అరిసెలు. ఆనవాయితీ ఒక్కటీ తప్పనిచ్చే మనిషి కాదావిడ. వీధిలో అందరి ఇళ్ళకూ బొబ్బట్లు వెళ్ళాయి, అబీదా ఇంటికి తప్ప. తర్వాత పాయసమూ అంతే.

అబీదా మాత్రం ముఖం ముడుచుకోలేదు. పిల్లాడు వాకిట్లో పాకుతుంటే చేతిలో పని ఆపి చూసేది. ఒకరోజు వాడు గేటు దాకా పాక్కుంటూ వెళ్ళాడు. అబీదా రోడ్డు దాటి వచ్చి ఊచల్లోంచి వేలు అందించింది. వాడు నవ్వుతూ ఆ వేలు పట్టుకున్నాడు.

కావేరి పరుగున వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది.

"మావాడి మీద మీ చూపు పడనివ్వకండి. మీకు దణ్ణం పెడతాను."

అబీదా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అలాగే అక్కా," అంది.

ఆ రోజు నుంచి ఎదుటింటి తలుపు మూసే ఉండేది. కావేరికి మనసులో కలుక్కుమన్నా, బిడ్డ కన్నా ఎక్కువా అనుకుని సరిపెట్టుకుంది.

పుట్టినరోజు దాటిన మూడు నెలలకు అభిరామ్ గోడ వదిలి తప్పటడుగులు వేశాడు. సరోజిని బెల్లం పాకం పట్టి అరిసెలు వండించింది. ఆ హడావుడిలో కావేరికి అబీదా గుర్తొచ్చింది. తలా ఒక మాట అని భయపెట్టిన రోజుల్లో, మీవాడూ చేస్తాడని ధైర్యం చెప్పింది ఆవిడొక్కతే. అత్తగారి కళ్ళు కప్పి, పొట్లం కొంగుచాటున పెట్టుకుని వెళ్ళింది.

తలుపుకు తాళం వేసి ఉంది. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి బాపట్ల వెళ్ళిపోయారని పక్కవాళ్ళు చెప్పారు.

మర్నాడు టీకాకని తెనాలి వెళుతూ కావేరి ఆ పొట్లమే సంచిలో వేసుకుంది. ఆసుపత్రిలో, అప్పట్లో గాజుపెట్టె దగ్గర బిడ్డను కనిపెట్టుకుని ఉన్న నర్సు అచ్చమ్మ చేతిలో పెట్టింది.

"వీణ్ణి బతికించింది మీరే. ముందు మీరే నోరు తీపి చేసుకోవాలండి."

అచ్చమ్మ పొట్లం విప్పలేదు. తిరిగి కావేరి చేతిలోనే పెట్టింది.

"నాకెందుకమ్మా. ముందు ఆవిడకి పెట్టావా?"

"ఎవరికండి?"

"అదేంటి, వీణ్ణి చూసుకోవచ్చని మీ వీధిలోనే అద్దెకు దిగిందిగా! తనే చెప్పి ఉంటుందనుకున్నాను." అచ్చమ్మ పిల్లాడి తల నిమిరింది. "నీకు తెలివి లేనన్నాళ్ళూ వీడికి పట్టిన పాలు, పుట్టిన బిడ్డను మట్టికిచ్చి మా వార్డులో పడుకున్న అబీదావి."