ఎంబానా పెట్టిన బువ్వ

“నవ్వని మొగం ఒక్కటున్నా నా పని అయిపోయినట్టే,” అన్నాడు ఎంబానా, బియ్యం బస్తా దించుతా.

గల్ఫ్‌లో రూవి అనే ఊళ్ళో మా రూమ్‌లో పన్నెండు మంది. పదకొండు మంది కడపోళ్ళూ పాకిస్తానోళ్ళూ. పన్నెండోవాడు ఎంబానా, మా కంపెనీ వెల్డర్. పడమటి ఆఫ్రికాలో సముద్రం ఒడ్డున ఉండే గినీబిస్సావు దేశం, బలాంతా జాతి. నెత్తిన ఎర్ర టోపీ తియ్యడు. వాళ్ళల్లో ఎంత వయసొచ్చినా సరే, అడవిలో పరీక్ష నెగ్గందే మగాడి కింద లెక్కగట్టరంట. నెగ్గినోడికే ఆ టోపీ, నలుగుర్లో మాట్లాడే హక్కూ. రాజు లేడు, దొర లేడు. ఉండేదల్లా వరి. ఉప్పునీళ్ళకి గట్టేసి మడి చేస్తారు. ఆ సంగతి మా రూమ్‌లో కోతలు కోసే ఓబయ్య నోట్లో పడి, వాళ్ళ తాత చెక్కపారతో సముద్రాన్ని మూడు మైళ్ళు ఎనక్కి నెట్టినాడని, చేపలు దండం పెట్టినాయని సైటంతా తిరిగింది.

బుధవారం ఎంబానాకి ఊరి నుంచి ఫోనొచ్చింది. పోయి లీవడిగినాడు, ఇప్పుడు కుదరదన్నారు. గురువారం రెండు మేకల్ని తోలుకొచ్చినాడు. శుక్రవారం మధ్యాన్నానికి నలభై మందిని బువ్వకి పిలిచినాడు.

ఎందుకని అడిగితే, ఆఖరి ముద్ద అయినాక చెప్తానన్నాడు.

“మా అమ్మకి ఎప్పుడో మాటిచ్చినా. ఈ బువ్వలో ఒక్కరు కూడా మొగం ముడుచుకోగూడదు. ఊళ్ళో మావాళ్ళు ఫోన్‌కి చెవి పెట్టుకుని వింటా ఉంటారు.”

ఓబయ్యకి ఆ ముక్క చాలు. నలుగురు ఆడపిల్లల తర్వాత ఎంబానాకి కొడుకు పుట్టినాడని తేల్చేసినాడు. సాయంత్రానికి పిల్లోడు ఆరు కేజీలయినాడు, తెల్లారేసరికి కూర్చోవడం నేర్చినాడు. ఎంబానా అదంతా ఇని, మేకలకి నీళ్ళు పెట్టను పోయినాడు.

పక్కన దార్సైట్ పేటలో ఇంటిపని చేసే తిరుపతమ్మ సెలవురోజని వండిపెట్టడానికొచ్చింది. పిల్లోడికి ఏం పేరని అడిగితే ఎంబానా ఆమె చేతిలో గరిటె తీసుకుని కూర కలపబోయినాడు. “సిగ్గుపడతాండాడు పాపం,” అనిందామె.

నమాజు కాగానే మిద్దె నిండిపోయింది. ఖాళీ డబ్బాలు తిరగేసి దరువేసినారు. ఎంబానా చిందేస్తా ఒక చేత్తో ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. అందరూ నవ్వుతాండారు, ఒక్క డ్రైవర్ వహీద్ తప్ప. రెండేళ్ళ కింద గోను తుఫానులో ఆయన పికప్పు బండి వాగులో కొట్టుకుపోయింది. ఆ రోజు నుంచి ఆ మనిషి పళ్ళు ఎవురూ చూడలే. ప్లేటు పట్టుకుని గోడకేసి కూర్చున్నాడు.

ఎంబానా వచ్చి ఓబయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“భాయ్, ఆ ఒక్కడు. మా అమ్మ ముందు మాట తప్పినోణ్ణి అవుతా.”

“నాకిడిసిపెట్టు,” అని ఓబయ్య పోయి వహీద్ పక్కన చతికిలబడినాడు.

“గోనుకి నీ బండే పోయింది. నేనయితే మనిషినే ఎగిరిపోయినా. రూవిలో ఎత్తి మూడు గంటల దారి అవతల ఇబ్రిలో దించింది గాలి.”

వహీద్ మెతుకు నములుతానే ఉన్నాడు.

“దార్లో ఒంటె ఒకటి ఎగురుతా ఎదురొచ్చింది. సలాం అనింది. నేనూ అన్నా. మర్యాద కదా. ఇబ్రిలో దిగితే మా ఫోర్‌మన్ అప్పటికే నిలబడుండాడు.”

“ఏమన్నాడు?” అన్నాడు వహీద్.

“పది నిమిషాలు లేటని డ్యూటీ కట్ చేసినాడు.”

వహీద్‌కి పొలమారింది. దగ్గుతా దగ్గుతా నవ్వు అందుకున్నాడు, ఇంక ఆగలే. ఎంబానా ఉరికొచ్చి ఫోన్ ఆయన నోటికాడ పెట్టినాడు. అవతల నుంచీ డప్పులు, నవ్వులు.

ఆఖరి ప్లేటు ఖాళీ అయింది. ఓబయ్య చెయ్యి కడుక్కొచ్చి, ఇప్పుడన్నా చెప్పు సామీ, పిల్లోడు ఎవురి పోలికని అడిగినాడు. మిద్దె మీద అందరూ ఇటే చూస్తాండారు.

ఎంబానా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నలభై మొగాలూ ఒకసారి కలయజూసి, తృప్తిగా తలాడించినాడు.

“నిండుగా బతికినోళ్ళకే మాలో ఈ నవ్వుల బువ్వ పెడతాం,” అన్నాడు. “మా అమ్మ చనిపోయింది.”