మలుపు మలుపునా సీతాఫలం

కంబాలకొండలో పరుగెత్తాలంటే బూట్ల అడుగున విత్తనాలు నింపుకోవాల్సిందే. అడుగు పడ్డచోటల్లా ఒక గింజ నేలలోకి దిగుతుంది. కదలకుండా నిలబడితే అక్కడే గుప్పెడు రాలతాయి. అందుకే కిందటేడు పరుగెత్తిన దారి ఈ ఏడు అడవైపోతుంది, కొత్త దారి దాని పక్కనే వేస్తారు. ఎవరి విత్తనం వాళ్లదే. పైడిరాజుకి సీతాఫలం, అతని భార్య నూకరత్నానికి కుంకుడు.

కిందటేడు ఇద్దరూ కలిసే బయల్దేరేవారు. మొదటి మలుపులోనే అతను మాయమయ్యేవాడు. ఆమె ఆయాసపడుతూ పైకి చేరేసరికి బండమీద కూర్చుని, "ఎంతసేపే? నీకోసం ఆగితే నా పరుగు పాడైపోద్ది," అనేవాడు.

వానలకు మూసిన కొండను ఈరోజే తెరిచారు. గేటు దగ్గరే నూకరత్నం చెప్పేసింది.

"ఇదే ఆఖరండీ. దిగాక నా పరుగు పాసు గేటులో తిరిగిచ్చేస్తాను. నావల్ల మీ పరుగు పాడవక్కర్లేదు."

అతను ఎర్ర చొక్కా చేతులు పైకి మడిచి, ఎప్పట్లాగే ముందుకు పరిగెత్తాడు.

పాత దారి పొడవునా ఆమె కుంకుడు మొక్కలు ఎడంఎడంగా మొలిచాయి. సీతాఫలం మొక్కలు మాత్రం మొదటి మలుపులో, కింది దారి కనిపించే రాయి వెనక, గుబురుగా లేచాయి. రెండో మలుపులోనూ అంతే. ఆఖరి మలుపులోనైతే కాలు పెట్టే చోటు లేదు.

ఆ మలుపులో, కొత్త దారి పక్కనున్న రాయి వెనక ఎర్ర చొక్కా కదిలింది.

నూకరత్నం చూడనట్టే కూర్చుని బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది, అతను పైకి పరిగెత్తి బండమీద కూర్చునేంత సేపు.