పాతిక బైసాల పన్ను

“ఈ పొద్దటి సంది చాయ్ డెబ్బై ఐదు బైసాలు,” అన్నాడు నర్సయ్య, తలెత్తకుండా.

క్యాంటీన్ ముందు వరసలో నిలబడ్డవాళ్లు గోల చేశారు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు, కనురెప్పల మీద సిమెంటు దుమ్ము కూడా కడుక్కోలేదు.

“నిన్నటిదాక యాభయ్యే గదనే! పాలు పిరమయినయా, చక్కెర పిరమయిందా?” జితేందర్ ముందుకొచ్చాడు. సైట్‌లో షట్టరింగ్ పలకలు బిగించే పని అతనిది. వచ్చి ఏడాది కాలేదు గానీ, క్యాంపులో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు లేచే గొంతు అతనిదే.

“ఏం పిరం కాలే. పైన పాతిక తహ్సీన్ సాబ్‌కు. ఆర్డరయింది.”

“గట్లయితే అది ధర గాదు, పన్ను. వేసేటప్పుడు మమ్ముల నడిగిండా?”

నర్సయ్య ఇంకో గ్లాసు చాయ్ వడపోశాడు.

గల్ఫ్‌లోని బౌషర్‌లో ఆ క్యాంపు బజారుకు దూరంగా, గుట్టల కింద ఉంది. రేకుల రూములు, వాటి నడుమ ఈ క్యాంటీన్. కంపెనీ దాన్ని క్యాంపు బాస్ తహ్సీన్‌కు అప్పగించింది. లాభం అతనిది, చాకిరీ నర్సయ్యది. రెండేళ్ల కాంట్రాక్టు మీద జగిత్యాల నుంచి వచ్చిన నర్సయ్యకు నాలుగో ఏడు నడుస్తోంది. పాస్‌పోర్టు తహ్సీన్ బీరువాలో ఉంది. బయల్దేరినప్పుడు భార్య దేవవ్వ కడుపుతో ఉంది. ఆ పుట్టిన బిడ్డ రజితను ఇంతవరకూ కళ్లజూడలేదు. ఆ మధ్య దేవవ్వ తన మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి పంపింది. “నీ ఫోటో జూపి నాయిన అంటే, పిల్ల దేవుడనుకొని దండం పెడ్తంది. జర ఒక్కపారి వచ్చి పో.” అది విన్న రోజు నర్సయ్య అన్నం ముట్టలేదు. తిన్నగా తహ్సీన్ దగ్గరకు పోయి లీవు అడిగాడు.

“చుట్టీ?” తహ్సీన్ నవ్వాడు. “క్యాంటీన్ ఫస్ట్ క్లాస్ నడుస్తుంటే నిన్నెట్లా వదుల్తా నర్సయ్యా? నీ చేతి చాయ్ కోసమే కదా వీళ్లొచ్చేది! ఇది మూతపడ్డ రోజు అడుగు, నేనే టికెట్ తీయిస్తా. జా, పని చూస్కో.”

ఇక చాయ్ గొడవ పాతికతో ఆగలేదు. జనం క్యాంటీన్ మానేసి రూముల్లోనే కాచుకోవడం మొదలుపెట్టారు. కంపెనీ పికప్ నడిపే కడప షరీఫ్ సీబ్ బజారు నుంచి చాయ్‌పత్తా, చక్కెర సీటు కింద దాచి తెచ్చేవాడు. అది తహ్సీన్ చెవిన పడింది. బయటి సరుకు లోపలికి రాకూడదని గేటు దగ్గర ఆర్డరు పెట్టాడు. షరీఫ్ బండి సోదా చేయించి పొట్లాలన్నీ గుంజుకున్నాడు. ఆ మర్నాడు రూముల్లోని స్టవ్వులు కూడా పోయాయి.

“ఇదేం న్యాయమప్పా!” షరీఫ్ లబోదిబోమన్నాడు. “నా దుడ్లు పెట్టి నేను కొనుక్కున్న చక్కెర గూడా దొంగసొత్తేనా?”

కోపమంతా వచ్చి నర్సయ్య మీద పడింది. తహ్సీన్ ఎదుట నోరు మెదపలేనివాళ్లు కూడా అతన్ని నానా మాటలూ అన్నారు. సాబ్ తొత్తన్నారు. ఒకడు గ్లాసెడు చాయ్ అతని కాళ్ల ముందే ఒంపి పోయాడు. సొంత జిల్లావాళ్లే అలా ముఖం తిప్పుకుంటే మనసు చివుక్కుమనదా మరి! నర్సయ్య మాత్రం మిగిలిపోయిన చాయ్ రోజూ తన చేత్తోనే పారబోసుకున్నాడు.

జితేందర్ ఒక్కడే అతన్ని వెనకేసుకొచ్చాడు. “ఆయన్నెందుకు తిడ్తరు? ఆయన బతుకు గూడ మన బతుకే. తిట్టేదుంటే సాబ్‌ను తిట్టుండ్రి.”

సాయంత్రం జితేందర్‌ను పక్కకు పిలిచాడు. “తమ్మీ, నువ్వు ముంగట వడకు. భూమి కుదువబెట్టి వచ్చినోనివి. గుంపుల ఉండు.”

“ఎవలో ఒకలు ముంగట వడాలె గదనే. అందరు గుంపులనే ఉంటే ఎట్ల?”

శుక్రవారం నాడు రచ్చ కానే అయింది. క్యాంటీన్ స్టోరుకు ఆ రోజు తాళం లేదు. వంటలో పడి మరిచిపోయానని నర్సయ్య తరువాత చెప్పాడు. జనం చాయ్‌పత్తా బస్తాలు భుజాన వేసుకుని సైట్ వైపు నడిచారు. కాంక్రీటు మిక్సర్ ఆన్ చేసి అన్నీ దాని నోట్లో గుమ్మరించారు. నీళ్లు కూడా పోశారు. నల్లటి ముద్ద గరగరా తిరుగుతుంటే ఒకటే ఈలలు, కేకలు.

“రమ్మను సాబ్‌ను, తాగుమను!” మిక్సర్ పైకెక్కి జితేందర్ అరిచాడు.

నర్సయ్య దూరంగా నిలబడి చూశాడు.

మర్నాడు ఎవరూ పనికి పోలేదు. కంపెనీ పెద్దలు కార్లలో దిగారు. గొడవకంతటికీ మూలం క్యాంటీనేనని తేల్చి దాన్ని మూసేశారు. స్టవ్వులు తిరిగిచ్చారు, గేటు దగ్గర సోదా ఎత్తేశారు, తహ్సీన్‌ను సలాలాకు మార్చారు. క్యాంటీనే లేనప్పుడు వంటవాడెందుకని నర్సయ్య వీసా క్యాన్సిల్ చేశారు. మిక్సర్ పాడుచేసినందుకు జితేందర్‌ది కూడా.

సీబ్ ఎయిర్‌పోర్టులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి జితేందర్ కళ్లు ఉబ్బిపోయాయి. వీసా ఏజెంటుకు కట్టేందుకు కుదువపెట్టిన భూమి ఇక చేతికి రాదని అతనికి తెలుసు.

“నాదేముందన్నా, తప్పు జేసిన, పోతున్న,” అన్నాడు జితేందర్, నర్సయ్య చేతులు పట్టుకుని. “నువ్వేం జేసినవే? మేం కొట్లాడితే నీ నోటికాడి బువ్వ వోయింది. మన్నించన్నా.”

నర్సయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. “అట్లనకు తమ్మీ,” అన్నాడు. అంతలో బొంబాయి ఫ్లైటుకు పిలుపు వచ్చింది.

లీవు దొరకని మర్నాడే, చాయ్ మీద ఆ పాతిక వెయ్యమని తహ్సీన్‌కు సలహా ఇచ్చింది నర్సయ్యే.