ఎడమ మూల పులి

"మీ కొత్త పులికి ఆట రాదు," అన్నాడు ఎల్లప్ప, ఫోనును బల్ల మీద పెట్టి. "పాతదాన్ని తెచ్చి ఇందులో పెట్టు. అంతవరకు నేను ఈడనించి కదల్ను."

తిరుపతి బైపాస్ రోడ్డులో, మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు అది. ఫోన్లలో ఆడుకునే ఆటలు అమ్మే కంపెనీ. బల్ల అవతల ఉన్న ప్రశాంతి ఫోను అందుకుని చూసింది.

"పులిజూదమా తాతా? పాతది ఆపేసినాం. ఇప్పటి ఫోన్లలో అది పని చెయ్యదు. దాని బదులే ఇది. బొమ్మలు బాగుండాయి కదా?"

"బొమ్మల్ని ఏం జేసుకోవాల? పాతదాంట్లో మొదట నాలుగు రోజులు ఓడినా. దాని ఎత్తు పట్టుకున్నాక మళ్ళీ ఓడిందే లేదు. ఇది వచ్చినప్పట్నించి ఒక్క ఆట గెలవలా. తప్పు నాదా, మీదా?"

"సరే, ఫిర్యాదు ఏమని రాసుకోమంటావు?"

"పులి ఎడమ మూలకు రావడంలేదని రాసుకో. పాతదాంట్లో ఒక పులి తప్పకుండా ఆడికొచ్చి నిలబడేది. నా మేకలతో దారి మూసి కట్టేసేవాణ్ణి. ఒకటి కట్టుబడినాక మిగతా రెండూ ఎంతసేపు? ఈ కొత్త పులి ఆ పక్కకే రాదు. మేకల్ని వరసబెట్టి తింటా ఉండాది. ఆట తెలిసిన పులైతే ఆడికి రావాల."

"ఆట తెలిసింది కాబట్టే రావడంలేదేమో తాతా."

"నువ్వు పుట్టకముందు నించి ఆడతా ఉండా. నాకు చెప్పొచ్చినావా?"

ప్రశాంతి నవ్వు ఆపేసింది. పెద్దాయన చెయ్యి బల్ల మీద వణుకుతోంది. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. కుదురుగా కూర్చోలేక లేస్తున్నాడు, లేవలేక కూర్చుంటున్నాడు. ఆమె తన బన్ను, టీ ఆయన ముందుకు జరిపింది.

"వద్దు."

"షుగరుందా తాతా?"

"ఉండాది. పొద్దున మాత్ర కూడా ఏసుకున్నా."

"మాత్ర ఏసుకుని ఏమీ తిన్లేదా? పడిపోతావు!"

"పొద్దున ఓడినా కదా. ఓడినోడికి ఆ పూట కూడు లేదు. మా ఊర్లో పులిజూదానికి పందెం అదే. మా నాయన తప్పలా. నేనూ తప్పను."

"ఫోనుతో ఆడినా పందెమేనా?"

"ఓడినాక మనిషైతే ఏంది, ఫోనైతే ఏంది?"

"ఇంట్లో ఎవరూ చెప్పరా నీకు?"

"ఎవరుండారు చెప్పేదానికి? మునిలక్ష్మి పోయి ఏడాదయింది." ఎల్లప్ప కిటికీ వైపు తిరిగాడు. "ఉన్నా ఏం చెప్తాది? దానికి పులేదో మేకేదో తెలీదు. నేను ఆడతా ఉంటే పక్కన కూర్చుని అనపకాయలు ఒలిచేది. గెలిచినానంటే, సరే కంచం పెడతా అని లేచేది. బాగా ఆడినావు అని ఒక్కరోజు, ఒక్క మాట అన్లా. అదీ పెళ్ళామే."

పోయిన మనిషి మీద ఆ కోపం ఇంకా పచ్చిగానే ఉంది.

ప్రశాంతి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఆయన నంబరు కొట్టి కంప్యూటరులో చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. లోపలి గదిలోకి కేక వేసింది. "హృషీకేశ్ అన్నా, పాత పులిజూదంలో ఈ నంబరుకు మాత్రం ఆట మార్చినట్టుండాది, సూడు."

హృషీకేశ్ వచ్చి తెరలోకి వంగాడు. ఎల్లప్పను చూశాడు. మళ్ళీ తెరను చూశాడు.

"నేనే మార్చినా. అప్పుడు మేం ఆఫీసు పెట్టిన కొత్త. అభిప్రాయం చెప్పండి అనే చోట మైకు నొక్కి ఎవరో మాట్లాడినారు. మాకొచ్చిన మొదటి అభిప్రాయం అది. కాదనలేకపోయినా." ఎల్లప్ప వైపు తిరిగాడు. "తాతా, ఆ ఫోను నువ్వు కాక ఇంకెవరు పట్టుకునేవాళ్ళు?"

"ఎవరూ పట్టుకోరు. నేను స్నానానికి పోయినప్పుడు మంచం మీద ఉండేది, అంతే. మారిస్తే ఎవురికేం? నాకు పాత పులి కావాల. ఇస్తారా, ఇయ్యరా?"

"ముందు బన్ను తిను. తర్వాత మాట్లాడదాం."

"గెలవకుండా తిన్ను అంటా ఉంటే!"

ఎల్లప్ప విసురుగా లేచాడు. కళ్ళు చీకట్లు కమ్మి బల్ల అంచు పట్టుకున్నాడు. ప్రశాంతి హృషీకేశ్ వైపు చూసింది. అతను తలాడించాడు. ఆమె ఆ మొదటి అభిప్రాయం వినిపించే మీట నొక్కింది.

ముందు స్నానాలగదిలో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఎవరో గొంతు తగ్గించి గబగబా మాట్లాడసాగారు.

"నాయనా, ఎవురుండారో ఏమో ఆ పక్క. మా ఇంటాయన ఓడితే కూడు ముట్టడు. షుగరు మనిషి. నాలుగు రోజులుగా పస్తు. చెప్తే వినే రకం కాదు. నేను చెప్పినానని తెలిస్తే ఇంక నాతో పలకడు. ఆయన మేకలు ఎప్పుడూ ఎడమ మూలనే కాపు కాస్తాయి, పక్కన కూర్చుని సూస్తా ఉండా కదా. రోజూ ఒక పులిని ఆడికి పంపించు నాయనా. మిగతాది ఆయనే సూసుకుంటాడు."