ద్రాక్షతీగల గిన్నె

"ఇంకెంతసేపురా నర్సింహా? మేడమ్ రాదు, గీడమ్ రాదు. లే పక్కకు," అన్నాడు అతని అన్న గోవర్ధన్.

నర్సింహ లేవలేదు. ద్రాక్షతోటలో జేసీబీకి అడ్డంగా కూర్చున్నాడు. ఉమ్మడి పట్టాను అన్న ఒక్కడే వెంచర్ వాళ్లకు రాసిచ్చేశాడు. తిరిగిన ప్రతి ఆఫీసులోనూ అన్న కాగితాలే గట్టివన్నారు. తోట గేటుకు అప్పుడే బోర్డు కూడా వేలాడుతోంది, 'హైటెక్ సిటీకి అరగంట' అని. మొయినాబాద్ రోడ్డు మీద లారీల వెనక ఇరుక్కున్నవాణ్ణి అడిగితే తెలుస్తుంది, ఆ అరగంట ఎంత పొడుగో.

మొన్న అదే మిషను మట్టిలోంచి ఒక వెండి గిన్నెను పైకి తీసింది. చేవెళ్ల కాలేజీ లెక్చరర్ ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అప్పటికప్పుడు పురావస్తు శాఖకు ఫోన్ చేశాడు. తాము వచ్చి చూసేదాకా తవ్వొద్దని శాఖ వాళ్లు వెంచర్ ఆఫీసుకు చెప్పడంతో నిన్న పొద్దున మిషను ఆగింది. గిన్నెను ఇంట్లో దాచిన నర్సింహకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మాట్లాడుతుండగానే గట్టు పక్కన జీపు ఆగింది. పురావస్తు శాఖ అధికారి ఉమారాణి దిగి, నేరుగా నర్సింహ దగ్గరికే వచ్చింది.

"గిన్నె మీద ఏం బొమ్మలున్నాయి?"

"సుట్టూ ద్రాక్షతీగలున్నయి మేడమ్. నడిమిట్ల ఒకాయన నెత్తిమీద బట్ట కప్పుకొని, మంటల ఏందో పోస్తున్నడు."

ఉమారాణి వెంటనే నోట్‌బుక్కు తెరిచింది. "రోమన్లది. రెండు వేల ఏళ్ల కిందట వ్యాపారంలో ఇటు వచ్చి ఉంటుంది. వాళ్లు దేవుడికి ముందు ద్రాక్షసారా ధార పోసి, ఆ తర్వాతే తాము ముట్టేవాళ్లు. కొన్ని గిన్నెలు పూజకు. కొన్ని విందుల్లో నలుగురికీ కనపడేట్టు పెట్టుకోవడానికి."

"గంతేనా? మేం పండుగకు మైసమ్మ ముందల కల్లు సాక పోస్తం గదా, గట్లనే."

"అట్లనే. అది నా చేతికివ్వండి, ఇక్కడే ఆర్డర్ రాస్తాను. ఈ భూమిలో ఇక గడ్డపార కూడా దిగదు."

గోవర్ధన్ గొంతు సవరించుకున్నాడు. "గిన్నె లేకుంటేనో మేడమ్?"

"లేకుంటే నేనేం చెయ్యలేను. ఎవరో చూశామంటే సరిపోదు. వస్తువు కావాలి."

నర్సింహ ఊళ్లోకి పరుగులాంటి నడక నడిచాడు. ఉమారాణి, గోవర్ధన్ అతని వెనకే వచ్చారు. ఇల్లు చేరి బియ్యం డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. మళ్లీ పెట్టాడు. డ్రమ్ము ఎత్తి బియ్యం మొత్తం చాప మీద కుమ్మరించాడు. గిన్నె లేదు.

"నువ్వే ఎత్కపోయినవ్," అని అన్న చొక్కా పట్టుకున్నాడు. "తోట మింగింది సాలలేదానే నీకు? నోటికాడి కూడు గూడ గుంజుకుంటవా?"

"అమ్మ మీద ఒట్టు, నీ ఇంట్ల కాలు పెట్టలే," అన్నాడు గోవర్ధన్. అతని ముఖం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. అది చూసి నర్సింహకు ఇంకా భయం వేసింది.

ఉమారాణి గడియారం చూసుకుంది. గోవర్ధన్ చొక్కా విడిపించుకుని, జేబులోంచి సెల్లు తీసి మిషను డ్రైవరుకు ఫోన్ కలిపాడు. "తియ్యి ఇగ," అన్నాడు.

తోట వైపు నుంచి మిషను మొరాయించి, తర్వాత గట్టిగా రొద పెట్టింది. సరిగ్గా అప్పుడే నర్సింహ భార్య నిర్మలమ్మ లోపలికి వచ్చింది. నిండుగా పసుపు రాసుకుని, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని ఉంది. నెల రోజుల తర్వాత ఆమె ముఖాన నవ్వు కనపడింది.

"నిర్మలా, గిన్నె యాడ పెట్టినవ్?" అని అడిగాడు నర్సింహ.

"జర నిమ్మళంగుండు. మిషను ఆగితే మైసమ్మ తల్లికి వెండి కండ్లు పెడ్తనని మొక్కుకుంటి. నిన్న ఆగింది గదా, మొక్కు నిలపెట్టుకోవద్దా అని ఔసులాయనతోని ఆ గిన్నె కరిగిచ్చి, కండ్లు చేపిచ్చి, ఇప్పుడే పెట్టొచ్చిన."